నూనె చేతుల బోణి

ముందే చెప్తున్నాను. ఈ కథలో ఒక పసుపురంగు పట్టుచీర మీద నా రెండు అరచేతులూ అచ్చు పడతాయి. మూడు తరాల బేరం చేజారబోతుంది. పెండ్లివారి ముందు నేను ఈ గోడ దగ్గర బయలుదేరి ఆ గోడ దాకా జారుతాను. ఇదంతా ఆరోగ్యం కోసమే సుమా. అనారోగ్యంతో నేనెప్పుడూ ఇంత నష్టం చేయలేదు.

మాది హన్మకొండలో బట్టల దుకాణం. తాత పెట్టాడు, బాపు పెంచాడు, నేను అప్పటికి కూర్చుంటున్నాను. కుర్చీలూ అద్దాలబల్లలూ ఉండే షోరూం కాదు. చెప్పులు విడిచి లోపలికి వస్తే గోడ నుంచి గోడ దాకా పరుపు, దాని మీద బిగించి పరిచిన తెల్లటి దుప్పటి. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ అందరూ దాని మీదే. యజమానికి మాత్రం ఒక గోడ దగ్గర కాస్త ఎత్తుగా గద్దె ఉంటుంది. ఆ దుప్పటి మీద చాయ్ చుక్క పడిందంటే బాపుకు ఆ పూట అన్నం సహించదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. పొద్దంతా మఠం వేసుకుని, ఫోన్లోకి తల వంచి కూర్చోవడం వల్ల మెడ పట్టేసింది. మెడ పట్టింది గదా అని ఫోన్లో వెతికితే ఆ ఫోనే నాకు వైద్యం నేర్పింది. పొద్దున్నే జీలకర్ర నీళ్ళు మొదలుపెట్టాను. చాయ్ మానేశాను, ఇంట్లోవాళ్ళ చేత కూడా మాన్పించాను. అమ్మ మూడు రోజులు ఓపిక పట్టి, నాలుగో రోజు పక్కింటికి పోయి తాగి వచ్చింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, కొత్తగా ఆరోగ్యం పట్టినవాడు కన్నతల్లినే ఎరగడు.

చివరికి ఒక ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన, మెల్లగా మాట్లాడే మనిషి. నాడి చూశాడు, నాలుక చూశాడు, తిండి గురించీ నిద్ర గురించీ అరగంట అడిగాడు.

"మర్దన ఒక్కటే వైద్యం కాదు బాబూ. తిండి, నిద్ర, నడక, మనసు, అన్నీ కుదిరితెనే ఒళ్ళు కుదురుతది. ముందుగాల ఆ ఫోన్ కింద పెట్టు," అన్నాడు.

నేను బుద్ధిగా తల ఊపి, ఆయన చెప్పినవాటిలో మర్దన ఒక్కటే గుర్తుంచుకుని ఇంటికి వచ్చాను.

ఆ వారంలోనే బాపు నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ఆయన కూర్చోవడమంటే ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి నడుముకు. ముప్పై ఏళ్ళ నొప్పి అది.

"రేపు నేను వర్ధన్నపేటకు పోతాన, మన బావ కొత్త ఇల్లు పట్టుకుంటాండు. ఘన్‌పూర్ నుంచి నర్సవ్వోళ్ళు వస్తాండ్లు, మనుమరాలి పెండ్లి బట్టలకు. మొదటి చీరె నువ్వే ఇయ్యాలె. రెండు చేతులతోని ఇయ్యాలె."

ఇది మా దుకాణం ఆచారం. పెండ్లిబట్టలకు వస్తే పెండ్లిపిల్ల మొదటి చీరను గద్దె మీద కూర్చున్నవాడే తీసి, రెండు చేతులతో ఇంటి పెద్దావిడకు ఇవ్వాలి. చెయ్యి మంచిదైతే కాపురం మంచిదని నమ్మకం. నర్సవ్వ పెండ్లిచీర మా తాత చేతి మీదుగా పోయింది. ఆమె కూతురిది బాపు చేతి మీదుగా పోయింది.

"నువ్వు ఇది సక్కగ చేసినవనుకో, ఇగ గద్దె నీదే," అన్నాడు బాపు. "నేను ఇంటికాడ జర నడుం వాలుస్త. చేతగాదంటె చెప్పు, ఇంకో పదేండ్లు నేనే కూసుంట."

ఆ మాట నాకు గుండెల్లో తగిలింది. ఆయన నడుముకు విశ్రాంతి నా రెండు చేతుల మీద ఆధారపడి ఉంది. అంత పెద్ద పనికి పట్టేసిన మెడతో వెళ్ళడమా? పెండ్లివాళ్ళు వచ్చేది పదకొండుకు. ఏడింటికే మర్దన చేయించుకుని, మెడ నిటారుగా పెట్టి గద్దె మీద రాజులాగా కూర్చోవాలని నిశ్చయించుకున్నాను.

మర్నాడు పొద్దున వైద్యుడు అడగనే అడిగాడు. "ఇయ్యాల పనేమన్న ఉన్నదా? మర్దన అయినంక విశ్రాంతి కావాలె."

"ఏం లేదు డాక్టర్ సాబ్, ఖాళీనే," అన్నాను.

"అయితె మంచిది. అర్ధగంట కూసొని, పెసరపిండి రాసుకొని వేన్నీళ్ళ తానం చెయ్. ఫ్యాను గాలికి కూసోకు."

మర్దన చేసే మల్లేశం అన్న నన్ను చెక్కబల్ల మీద పడుకోబెట్టి, గోరువెచ్చని నూనె నడినెత్తి నుంచి అరికాలి దాకా పోశాడు. నువ్వులనూనెలో ఏవేవో వేళ్ళూ ఆకులూ కాచిన వాసన. ఆయన చేతులు మెడ మీద పడగానే నాకు ఈ లోకం మీద ఉన్న కోపాలన్నీ పోయాయి. అమ్మ పక్కింట్లో చాయ్ తాగినందుకు కూడా క్షమించేశాను. ఆ క్షమాగుణంలోనే నిద్రపోయాను.

ఫోన్ మోగితే మెలకువ వచ్చింది. మా దుకాణంలో తాత కాలం నుంచీ పనిచేసే కొమురయ్య కాక.

"చిన్నసేటూ, ఏడున్నవ్? పెండ్లోళ్ళు పొద్దుగాల బండికే దిగిండ్లు. పదకొండు మంది. నర్సవ్వ గద్దె దిక్కే చూస్తాంది."

టైం తొమ్మిదిన్నర. చొక్కా అందుకున్నాను.

"అన్నా, తానం," అన్నాడు మల్లేశం.

"వద్దే. నూనె ఎంతసేపు ఉంటె అంత లోపటికి గుంజుతది."

"ఎవలు చెప్పిండ్లు?"

"ఫోన్ల చూసిన."

"మరి ఆ ఫోన్‌కే పెట్టకపోయినవా నూనె," అన్నాడు మల్లేశం. ఆ మాట విని ఆగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

స్కూటీ మీద కూర్చుంటే సీటు నన్ను ఉండనివ్వలేదు. బ్రేక్ వేసినప్పుడల్లా హ్యాండిల్ దాకా పోతున్నాను. తెల్ల చొక్కా ఒంటికి అతుక్కుపోయి, లోపలి బనియన్ మీద కంపెనీ పేరు కూడా బయటికి చదవొస్తోంది.

చేతులు కడుక్కోవచ్చు గదా అంటారు. కడుక్కున్నానండీ, దుకాణం వెనక నల్లా దగ్గర సబ్బు పెట్టి మూడుసార్లు. కానీ జుట్టులో పావులీటరు ఉంది. నిమిషానికోసారి నుదుటి మీదుగా కంట్లోకి దిగుతుంది, చేత్తో తుడుచుకుంటాను, చెయ్యి మళ్ళీ మొదటికి వస్తుంది. పైగా వైద్యుడు చెప్పిన ముఖ్యమైన మాటలన్నీ వదిలేసినవాడిని, ఫ్యాన్ మాట ఒక్కటి మాత్రం నిష్ఠగా పాటించాను. ఎండాకాలం పూట, పదకొండు మంది చుట్టాల నెత్తిమీద ఫ్యాన్లన్నీ బంద్ చేయించాను.

నర్సవ్వ ఎదురు గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, కొంగుతో విసురుకుంటూ కూర్చుంది. ఆమె పక్కన పెండ్లిపిల్ల స్రవంతి. ఆ పక్కన స్రవంతి మేనత్త, దేనికైనా ఒక శకునం చెప్పగలిగే మనిషి.

"ఏం బిడ్డా, పెయ్యంత గిట్ల మెరుస్తాంది?" అంది మేనత్త.

"చెమటమ్మా, ఎండలు కదా."

"చెమట గింత చిక్కగుంటదా?"

కొమురయ్య కాక నా చెవి దగ్గరికి వంగాడు. "చిన్నసేటూ, దండం పెడ్త, చేతులు జేబుల పెట్టుకో. చీరెలు నేను చూపెడ్త."

జేబుల్లో పెట్టుకున్నాను. కాక చీరలు విప్పుతుంటే నేను గద్దె మీద పోలీసు ఆఫీసరులాగా కూర్చుని మాటలతో అమ్మాను. పది చీరలు చూశాక స్రవంతి ఒకదాని దగ్గర ఆగింది. పసుపురంగు, ఎర్ర అంచు. ఆ పిల్ల ముఖం చూస్తేనే తెలిసింది, ఇక వేరేది చూడదని.

"ఇదే," అంది నర్సవ్వ. "ఇయ్యి సేటూ."

కాక చప్పున చీర అందుకుని ముందుకు చాపాడు. నర్సవ్వ చెయ్యి చాపలేదు.

"నువ్వెందుకు కొమురన్నా? నా పెండ్లికి వాళ్ళ తాత ఇచ్చిండు, నా బిడ్డకు వాళ్ళ నాయిన ఇచ్చిండు. ఈ పిలగాడు జేబులల్ల చేతులు పెట్టుకొని కూసున్నడు. మా చేతులకు ఇయ్యబుద్ధి అయితలేదా?"

పదకొండు మందీ నా జేబుల వైపు చూశారు. ఇవ్వకపోతే మర్యాద పోతుంది, ఇస్తే చీర పోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారంటారు లోకంలో. నేను చేతులకు నూనె అయ్యాక చీర పట్టుకున్నాను. రెండు చేతులతో, బాపు చెప్పినట్టే.

నర్సవ్వ ముందుకు జరిగి చీర అందుకుని కళ్ళకద్దుకుని, మళ్ళీ గోడకు జారగిలబడి ఒళ్ళో పెట్టుకుంది. పసుపుపట్టు మీద నా పది వేళ్ళూ, రెండు అరచేతులూ, ఆయుష్షు రేఖతో సహా స్పష్టంగా దిగాయి. ఆ రేఖ అప్పుడు నాకు చాలా చిన్నగా కనిపించింది.

"నూనె," అంది మేనత్త. "నూనె తల ఎదురొస్తెనే పని కాదంటరు. పెండ్లిచీరె మీదనే పడె. లే అత్తా, లెవ్వుండ్రి అందరు. బజార్ల ఇంక దుకాణాలే లేవా?"

ఒక్కొక్కరే లేస్తున్నారు. స్రవంతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు చీర కనిపించలేదు, నడుం మీద చెయ్యి పెట్టుకున్న బాపు కనిపించాడు. ఇంకో పదేళ్ళు.

"ఆగుండ్రి," అని గద్దె మీది నుంచి దిగబోయాను. నూనె అరికాలు, బిగించి పరిచిన దుప్పటి. కాలు ముందుకు పోయింది, నేను కూలబడ్డాను, కూలబడినవాడిని కూలబడినట్టే జారడం మొదలుపెట్టాను. చీరల గుట్టలు అటూ ఇటూ తప్పుకున్నాయి. ఎదురు గోడ దగ్గర నర్సవ్వ చాపుకున్న కాళ్ళు తగిలి ఆగాను. పట్టు దొరక్క రెండు చేతులతో ఆమె మోకాళ్ళు పట్టుకున్నాను.

వెనక్కి చూస్తే గద్దె నుంచి నా దాకా తెల్లదుప్పటి మీద కొత్తగా వేసిన రోడ్డులాగా ఒక చార.

"అవ్వా, తప్పయింది," అన్నాను. "పొద్దుగాల నొప్పులకు నూనె మర్దన చేయించుకున్న. తానం చేయకుంట ఉరికొచ్చిన. చీరెది, దుకాణానిది తప్పు లేదు. నాదే."

నర్సవ్వ నా తల దగ్గరికి వంగి వాసన చూసింది.

"కాచిన నూనె," అంది.

"అవునవ్వా."

"చేతులు తియ్యకు."

నాకు అర్థం కాలేదు.

"ఆడనే, జర కిందికి. ఆ, గక్కడ పిసుకు. నలభై ఏండ్ల నాట్లు ఈ మోకాళ్ళల్లనే ఉన్నయి బిడ్డా. నూనె ఎట్లనన్న ఉన్నది గదా, వట్టిగ పోనిచ్చుడెందుకు."

పొద్దున మల్లేశం నా మెడకు చేసినట్టే ఆమె మోకాళ్ళకు చేశాను. చేతిలో నూనె తగ్గితే నా తల నుంచి తీసుకున్నాను. లేచినవాళ్ళంతా మళ్ళీ కూర్చున్నారు. నర్సవ్వ కళ్ళు మూసుకుంది. మేనత్త మెల్లగా జరిగి తన భుజం నా వైపు తిప్పింది.

సరిగ్గా అప్పుడే వచ్చాడు బాపు. మనసు ఆగక, గృహప్రవేశం పూజ కాగానే భోజనం కూడా చేయకుండా బస్సెక్కాడట. గడపలో నిలబడి చూశాడు. ఫ్యాన్లు లేవు. దుప్పటి మీద చార ఉంది. కొడుకు గద్దె వదిలి పెండ్లివారి ముసలావిడ కాళ్ళు పిసుకుతున్నాడు.

"ఏం జరుగుతాందిరా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు మేనత్త చీర పైకెత్తి చూపించింది. "చూడు సేటూ, నూనె. మంచి శకునం కాదు."

"నూనె లేకుంట పెండ్లి ఏడ అయితది?" అంది నర్సవ్వ కళ్ళు తెరవకుండానే. "నలుగు నాడు పిల్లకు ముందుగాల ఏం పెడ్తం? నూనె. తర్వాత పసుపు. పసుపు చీరె మీద నూనె పడ్డది, ఇంతకంటె శకునమేం గావాలె? నలుగుకు ఇదే కడ్తది నా మనుమరాలు. గిసొంటిదే ఇంకోటి తియ్యుండ్రి, అది తలంబ్రాలకు."

స్రవంతి నవ్వింది. కొమురయ్య కాక ఫ్యాన్ వేశాడు. నర్సవ్వ బాపు వైపు తిరిగి, "సేటూ, చీరె మీ నాయినా ఇచ్చిండు, నువ్వూ ఇచ్చినవ్. మోకాళ్ళు పట్టినోడు వీడొక్కడే. చెయ్యి మంచిది," అంది.

అంతా వెళ్ళాక బాపు తిడతాడని తల వంచుకుని నిలబడ్డాను. ఆయన దుప్పటి చారను వేలితో తాకి వాసన చూశాడు.

"ఆ వైద్యుడు నడుం గూడ చూస్తడా?" అన్నాడు.

ఆదివారం తీసుకువెళ్ళాను. వైద్యుడు ఆయన్ని కూడా అరగంట అడిగాడు, గంటకోసారి లేచి నడవమన్నాడు. మల్లేశం నా చెయ్యి పట్టుకుని బాపు వీపు మీద పెట్టి, ఎలా రాయాలో నేర్పించాడు. అంతవరకు నేను మా నాన్న వీపు తాకలేదు. మాకోసం ముప్పై ఏళ్ళు వంగి చీరలు విప్పిన వీపది. రాస్తుంటే నాకు ఏడుపొచ్చింది. నూనెలో కన్నీళ్ళు కలవకూడదని ఏ వైద్యుడూ చెప్పలేదు కాబట్టి కానిచ్చాను.

అయ్యాక పెసరపిండి కలుపుకుని వచ్చేసరికి బల్ల మీద బాపు లేడు.

"బాపు ఏడి, మల్లేశం?"

"ఆపిన అన్నా, చేతుల నిలువలేదు, జారిపోయిండు. దుకాణం దిక్కు జర చూసొస్త, మనసు ఆగుతలేదన్నడు."

ఉరికాను. వెళ్ళేసరికి బాపు గద్దె మీద నడుం నిటారుగా పెట్టి మెరుస్తూ కూర్చుని ఉన్నాడు. ఆయన కింద, గడప నుంచి గద్దె దాకా, పాత పేపర్లు నీటుగా పరిచి ఉన్నాయి.

"పెద్దసేటు నూనె వైద్యానికి పోయిండని తెలిసింది," అన్నాడు కొమురయ్య కాక. "మీ ఇంటి రక్తం నాకు తెల్వదా."

కాబట్టి ఆ తెల్లదుప్పటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒంటి మీద నూనెచుక్క ఉండగా దుకాణం మెట్టెక్కను. వైద్యుడికి అబద్ధం చెప్పను. అర్ధగంటంటే అర్ధగంటే, స్నానమంటే స్నానమే. బాపు తరఫున మాత్రం ఏ ప్రమాణమూ చేయలేను. ఆ పేపర్లు ఇప్పటికీ గద్దె కిందే మడిచిపెట్టి ఉన్నాయి.