కృష్ణ తుంపర

జెబాకు మాటలు తక్కువ. డిగ్రీ సగంలో ఆగిపోయాక నరసరావుపేటలో శ్రీకాంత్ దగ్గర వెబ్‌సైట్లు తయారుచేసే పనికి కుదిరింది. ఒక విశ్వవిద్యాలయానికి పేజీలు కూరుస్తుంటే, తను చదవలేకపోయిన తరగతి గదుల్లో మెల్లగా తిరుగుతున్నట్టే ఉండేది ఆమెకు.

ఆమె పెరిగింది నాగార్జునసాగర్ ఆనకట్ట పక్కనున్న విజయపురి సౌత్‌లో. అందుకే మొదటి పేజీ మీద సాగర్ గేట్లు ఎత్తిన ఫొటో పరిచింది. ఆ నీళ్ల తెలుపు మీద ప్రవేశాల ప్రకటనను శుభలేఖ అక్షరాలతో బొమ్మగా దిద్దింది. కాలేజీ ప్రకటనంటే బొమ్మ చేసి వాట్సాప్‌లో తిప్పడమే ఆ చుట్టుపక్కల అలవాటు.

పేజీలు జనంలోకి వదిలేముందు చూపులేనివాళ్ల చేత నడిపించి చూడాలని విశ్వవిద్యాలయం షరతు పెట్టింది. నకరికల్లు నుంచి యోబు వచ్చాడు. ఎమ్మే తెలుగు చదవాలని అతని కోరిక. కిందటేడు వాళ్ల బావ దరఖాస్తు నింపుతూ తనకు తోచిన హిస్టరీ నొక్కేశాడు. యోబు చేరలేదు, ఏడాది పోయింది. ఈసారి తన వేలితోనే నొక్కాలని పట్టు.

అతను తెర మీద వేలు జరిపాడు. తాకిన చోటల్లా చదివి వినిపించే ఫోన్, "చిత్రం" అంది. బొమ్మలో దిద్దిన అక్షరాలు దానికి అందవు. కిందికి జరిపితే "బటన్" అంది. ఇంకా జరిపితే మళ్లీ "బటన్."

"ఏంది జెబా, ఫొటో స్టూడియో పెట్టావా?"

జెబా చెవులు వేడెక్కాయి. "నేను చదివి చెప్తాలే అన్నా."

"మా బావా ఇదే మాటన్నాడు."

ఆమె బొమ్మలోని ప్రకటనను తీసి మామూలు అక్షరాల్లో రాసింది. ప్రతి బటన్‌కూ పేరు పెట్టింది. కళ్లు మూసుకుని వింటూ పేజీ అంతా తిరిగింది, కరెంటు పోయినప్పుడు సొంతింట్లో గోడ పట్టుకుని నడిచినట్టు.

"అందం పోయిందే," అని గొణిగాడు శ్రీకాంత్.

ఫొటో మాత్రం ఉంచింది. ఫోన్ చదవడానికి దానికో మాట తగిలించింది: "సాగర్ గేట్ల నుంచి తెల్లగా దూకే కృష్ణ."

యోబు విని నవ్వాడు. "తెల్లగా అంటే నాకేం తెలుసు తల్లీ? ఆడ నిలబడితే ఎట్టుంటదో చెప్పు."

ప్రవేశాలు మొదలైన రోజు యోబు మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఫొటోకు జెబా మార్చి రాసిన మాటలు ఫోన్ చదివింది: "గేట్లు ఎత్తారు. హోరులో పక్కవాళ్ల మాట వినపడదు. మొహం మీద సన్నటి తుంపర. పెదవి తడుపుకుంటే నాలుక మీద కృష్ణ."

యోబు తనకు తెలియకుండానే చెంప తుడుచుకున్నాడు. వేలు కిందికి జరిపాడు.

"ఎమ్మే తెలుగు, బటన్," అంది ఫోన్.

జెబా చెయ్యి ముందుకు రాబోయి ఆగింది. యోబు నొక్కాడు.