మల్లమ్మవ్వ పోసిన ఒడిబియ్యం

మొన్న వానలో చిట్యాల దగ్గర మా బస్సు ఆగిపోయింది. గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. తడిసిన ఉన్ని వాసన, కాపరి కప్పుకున్న గొంగడి వాసన, పచ్చి ఆకు నమిలిన నోళ్ల వాసన కిటికీలోంచి ఒక్కసారిగా లోపలికొచ్చాయి. పక్క సీటావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం కళ్లు మూసుకుని గుండెల నిండా పీల్చుకున్నాను. భయం లేకుండా నిద్రపోయిన నా మొదటి రోజుల వాసన అది.

తెలంగాణ వచ్చిన మరుసటేడు, నేను మూడో తరగతి. నాయిన కొట్టిన దెబ్బకు చెయ్యి వాచిపోయి అమ్మ నన్ను తీసుకుని తల్లిగారింటికి పోతే, మామలు కడుపునిండా అన్నం పెట్టి, "సర్దుకపోవాలె చెల్లె" అని మళ్లీ బస్సెక్కించారు. ఆ బస్సు మా ఊరు చేరకముందే అమ్మ నల్లగొండలో దిగిపోయింది. అక్కడ ఆడవాళ్లకు ఆసరా ఇచ్చే కేంద్రంలో కొన్నాళ్లు తలదాచుకున్నాం. అది ఎల్లకాలం ఉండే జాగా కాదు కాబట్టి, అక్కడి మేడం మాతోపాటు ఊరూరా తిరిగి గది వెతికింది. గది కిరాయికి అడిగితే పిల్లనడిగినంత విచారణ. మొగుడేడి, ఏం చేస్తాడు, ఎందుకు రాలేదు? తాళంచెవి పట్టుకుని ఎదురొచ్చినవాళ్లు కూడా ఆ జవాబులు వినగానే దాన్ని బొడ్లో దోపుకునేవాళ్లు. చివరికి తిరుమలగిరి దగ్గరి పల్లెలో గొర్రెలు కాచే ఇంటి ముసలావిడ, మల్లమ్మవ్వ, అమ్మ చేతి వాపు చూసి ఒక్కటే అడిగింది.

"గొర్ల వాసన పడ్తదా బిడ్డా?"

కొడుకులిద్దరూ పట్నంలో స్థిరపడితే అవ్వా తాతా మందతోనే ఉండేవాళ్లు. దొడ్డిని ఆనుకుని మా గది. పొద్దున్నే గొర్రెపిల్లల అరుపులకు లేచి, తాత చేతిలో పెట్టిన వేడి జున్ను ఊదుకుంటూ తిని, అమ్మ పత్తి ఏరడానికి పోతే నేను తంగేడు పువ్వుల్లో, గునుగు పువ్వుల్లో పడి తిరిగి, అవ్వ కాల్చిన సర్వపిండి అంచులు కరకరలాడించి, ముసురు పట్టిన రోజుల్లో ఆమె గొంగట్లో దూరి చూరు నీళ్ల చప్పుడు వింటూ ఉంటే, లోకమంతా ఆ దొడ్డంతే ఉందనిపించేది. అమ్మ నవ్వితే బుగ్గ మీద సొట్ట పడుతుందని నాకు ఆ ఇంట్లోనే తెలిసింది.

మరుసటి శ్రావణంలో నాయిన మా జాడ కనిపెట్టాడు. గల్మలో, గడప ముందరే నిలబడి వాడకట్టంతా వినేలా అమ్మను తిట్టాడు. తాత మంద తోలే కర్ర పట్టుకుని ఎదురు నిలబడ్డాడు, అంతే. నాయిన వెళ్లిపోయాడు గానీ, సాయంత్రానికి వాడకట్టు ఆడవాళ్లు వచ్చారు.

"మనకెందుకత్తా గీ లొల్లి? ఖాళీ చేపియ్యి."

"సూద్దాం తీయి" అంది అవ్వ.

మర్నాడు అవ్వ అంగడికి పోయి చీర కొనుక్కొచ్చింది, చాటలో బియ్యానికి పసుపు పట్టించింది. ఒడిబియ్యం! ఆడబిడ్డను తల్లిగారు అత్తింటికి సాగనంపేటప్పుడు కదా అవి పోసేది. మర్యాదగా పంపించేస్తోందని అమ్మకు అర్థమైంది. మా బట్టలు మూట కట్టింది. మళ్లీ నాయిన దగ్గరికేనేమోనని నేను గొర్రెపిల్ల మెడ వాటేసుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

అవ్వ పిలిచింది నిన్నటి ఆ ఆడవాళ్లనే. ఒడిబియ్యం పోయడానికి రమ్మంటే రానని ఎవరంటారు? అవ్వ చీర పెట్టి మొదటి దోసిలి పోస్తే, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపు బియ్యం ఒక్కొక్కరూ అమ్మ కొంగులో పోశారు. ఆ బియ్యాన్ని అత్తింటికి తీసుకుపోయి, వండి నలుగురికి పెట్టడం మా దిక్కు ఆచారం. అమ్మ కొంగు ముడేసుకుని మూట అందుకోబోయింది.

"యాడికే?" అంది అవ్వ. "పొయ్యి అంటియ్యి. నీ ఒడిబియ్యం నీ ఇంట్ల ఒండు. మేమందరం తిని పోతం."

"నా ఇల్లేడుందవ్వా?"

"గిదేనే పిచ్చిదానా!"

ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత ఒకామె కూర్చుంది, మిగతావాళ్లూ కూర్చున్నారు. అమ్మ ఏడుస్తూనే వడ్డించింది. ఆ మెతుకులు తిన్న నోటితో ఖాళీ చేయమని ఆ తర్వాత ఎవ్వరూ అనలేదు.

ఇప్పుడా గది లేదు, అక్కడ షట్టర్లు లేచాయి. మందను అమ్మేశారు. జున్ను కావాలంటే ప్యాకెట్ పొడి కలుపుకుంటున్నాం. తాత వెనకే అవ్వ కూడా పోయినేడు వెళ్లిపోయింది. ఆ రోజు కులపెద్ద, "తల్లికి చీర కప్పాలె, ఆడబిడ్డ ముందుకు రాండ్రి" అని పిలిచాడు. అవ్వ కన్నది ఇద్దరు కొడుకులనే. అమ్మ చీర పట్టుకుని లేచింది. ఇద్దరు కొడుకులూ పక్కకు జరిగి ఆమెకు దారిచ్చారు.