చుట్టు దూకు

పోయిన నెల మా ఇంటికి కొత్త కొబ్బరి పీచు పరుపు వచ్చింది. పైనున్న ప్లాస్టిక్ కవరును కత్తెరతో కోయగానే గదంతా ఆ వాసన నిండింది. ఎండిన పీచు, కొంచెం జిగురు, కొంచెం దుమ్ము. పరుపు ఏ వైపు వెయ్యాలని మా ఆయన అడుగుతున్నారు. నేను కత్తెర పట్టుకొని అలాగే నిలబడిపోయాను. నలభై ఏళ్ళ పైచిలుకు కిందట తిరుపతిలో మా బడి వెనకున్న రేకుల షెడ్డులో, అలాంటి పరుపుల మీద రోజూ పొద్దున్నే రెండు గంటలు దొర్లేదాన్ని. ఆ వాసన తగిలితే మొదట గుర్తొచ్చేది మునిరత్నమ్మ టీచర్. ఆమె గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది. ఎందుకో ఇన్నేళ్ళూ కాగితం మీద పెట్టే ధైర్యం రాలేదు.

ఆమె మా ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్. పూతలపట్టు పక్కన చిన్న పల్లె ఆమెది. నలభై దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. కొంగు నడుముకు బిగించి, చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు వేసుకొని నడుస్తుంటే వీధిలో వాళ్ళు తిరిగి చూసేవాళ్ళు. ఉద్యోగం కోసం చేసిన శిక్షణలో ఆమె జిమ్నాస్టిక్స్ నేర్చుకుంది గాని, పోటీకి వెళ్ళే అవకాశం ఆమె వయసు వాళ్ళకు రాలేదు. ఆ కోరిక మా మీద తీర్చుకునేది. ఊళ్ళో వడ్రంగి చేత చెక్క గుర్రం చేయించింది. గుర్రమంటే నాలుగు కాళ్ళ ఎత్తుపీట, పైన తోలు తొడుగు. పరుగెత్తుకుంటూ వచ్చి, ముందున్న వాలు పలక మీద కాలూని ఎగిరి, గుర్రం మీద చేతులు ఆనించి అవతలికి దూకాలి. మా నాన్న దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. నుదుట నామం లేకుండా గడప దాటేవారు కాదు. ఆడపిల్ల పొట్టి నిక్కరేసుకొని ఎగరడమేమిటని ఆయన ససేమిరా అన్నారు. టీచర్ మా అరుగు మీద గంటసేపు కూర్చొని, ఆయన చెప్పినవన్నీ విని, చివరికి ఒకే మాట అంది. "మీ పాప కింద పడకుండా పట్టుకునేదానికి నేనుండా సామీ." ఆ మాటకు ఆయన మెత్తబడ్డారు.

నాతోపాటు చెంగమ్మ ఉండేది. వాళ్ళమ్మ అలిపిరి దగ్గర పూలు అమ్మేది. చెంగమ్మ తెల్లారకముందే లేచి ఆమెకు మాలలు కట్టిచ్చి, వేళ్ళకు మరువం వాసనతో షెడ్డుకు వచ్చేది. ఆ పిల్ల చేతుల్లో నాకంటే బలం ఎక్కువ. నాకు కొలత ఎక్కువ. పాదం ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు వదలాలో నాకు తెలిసేది. మాకు రెండు దూకులు వచ్చేవి. సాదా దూకులో చేతుల మీద తలకిందులై అవతల నిలబడడమే. చుట్టు దూకులో మాత్రం గుర్రాన్ని వదిలిన తర్వాత గాలిలో ఒక చుట్టు తిరిగి దిగాలి. సాదాదానికి మార్కులు మొదలే తక్కువ. ఎంత శుభ్రంగా చేసినా అంతకు మించి రావు. చుట్టుదానికి ఎక్కువ, కాని తేడా వస్తే ఎటు పడతామో తెలియదు. టీచర్ ఒక నోటుబుక్కులో మా ప్రయత్నాలు రాసుకునేది. చుట్టు దూకులో నేను పదికి ఏడుసార్లు నిలబడేదాన్ని, చెంగమ్మ నాలుగుసార్లు. ఏది దూకాలో మాత్రం ఆమె ఎన్నడూ శాసించలేదు. దూకేది మేము కాబట్టి చెప్పాల్సింది కూడా మేమేననేది.

నేను పదో తరగతిలో ఉండగా, డెబ్బయ్యో దశకం చివర్లో, చిత్తూరులో పోటీలు జరిగాయి. మా జట్టు గెలిస్తే రాష్ట్ర పోటీలకు పోవచ్చు. మధ్యాహ్నానికి మేము రెండో స్థానంలో ఉన్నాం. ఇక మిగిలింది గుర్రం ఒక్కటే. టీచర్ లెక్క చూసుకొని మమ్మల్ని పక్కకు పిలిచింది. అందరూ సాదా దూకే చేస్తే రెండో స్థానంతో సరి. ఒక్కరు చుట్టు దూకు చేసి నిలిస్తే గెలుస్తాం. పోటీలో తను దగ్గర నిలబడి పట్టుకోవడానికి వీల్లేదని కూడా గుర్తు చేసింది. ఆ తర్వాత నా వైపు చూసింది. అందరూ చూశారు. పదికి ఏడుసార్లు నిలిచేది నేనే కదా.

"ఎట్లుండాది మే? చేస్తావా?"

ఆ వారం రోజులుగా నాకు ఆ దూకు కలలోకి వస్తోంది. తిరిగేటప్పుడు ఒక క్షణం నేల ఎక్కడుందో తెలియకుండా పోతుంది. ఆ క్షణమంటే నాకు ప్రాణభయం. కాని జట్టులో మేటిననే పేరు నాది. భయమన్న మాట నోటికి రాలేదు.

"మడమ నొప్పిగా ఉండాది టీచర్," అన్నాను. "సాదాది అయితే చేస్తాను."

ఆమె మోకాళ్ళ మీద కూర్చొని నా మడమను బొటనవేలితో నొక్కి చూసింది. నేను చిన్నగా మూలిగాను. ఆమె నమ్మింది. లేచి చెంగమ్మను అడిగింది. చెంగమ్మ నా కాలు వైపు ఒకసారి చూసి, చేస్తానంది.

చెంగమ్మ పరుగు బాగానే తీసింది. ఎగిరింది, చేతులు ఆనించింది. కాని చుట్టు పూర్తి కాలేదు. పక్కకు ఒరిగి, చాపిన కుడిచేతి మీద పడింది. ఆ చప్పుడు హాలు చివరనున్న నాకు వినిపించింది. ఏం ఆలోచించకుండా పరుగెత్తాను. నాకంటే ముందే టీచర్ అక్కడికి చేరి చెంగమ్మ తలను ఒళ్ళో పెట్టుకుంది. నేను పోయి ఆగినా ఆమె తలెత్తలేదు. నా పాదాల వైపు చూసింది. హాలు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా కుంటకుండా పరుగెత్తి వచ్చిన పాదాలవి. చెంగమ్మను మోసుకుపోయారు. ఆ తర్వాత పద్మ అని నా పేరు పిలిస్తే పోయి సాదా దూకు దూకాను. ఒక్క అడుగు కూడా కదలకుండా దిగాను. జట్టు ఓడిపోయింది గాని విడిగా నాకు మూడో స్థానం వచ్చింది. కంచు పతకం మెడలో వేస్తుంటే టీచర్ హాల్లో లేదు. చెంగమ్మతో ఆసుపత్రికి పోయింది.

మోచేయి కీలు చితికిందన్నారు. తర్వాత పుత్తూరు కట్టు కూడా కట్టించారు. ఎముక అతికింది గాని, పడిన తీరు అలాంటిది, చెయ్యి మళ్ళీ పూర్తిగా చాపడానికి రాలేదు. చెంగమ్మ షెడ్డుకు రావడం మానేసింది. ఆ ఏడాదితో బడి కూడా మానేసి వాళ్ళమ్మతో పూల దగ్గర కూర్చుంది. నేను ఒకటి రెండుసార్లు పోయి పలకరించాను. ఆమె వంకర చెయ్యిని ఒళ్ళో పెట్టుకొని నవ్వుతూ మాట్లాడేది. నా మడమ నయమైందా అని అడిగేది. ఆ ప్రశ్నకు భయపడి నేను అటువైపు పోవడమే తగ్గించాను.

నెల తర్వాత ఒక రోజు అందరూ వెళ్ళిపోయాక, పరుపులు చుట్టడానికి టీచర్ నన్ను ఆపింది. నిజమా కాదా అని అడగలేదు.

"భయమని చెప్పుంటే ఆ దూకునే తీసేసి ఉందును మే. పదికి ఏడుసార్లు నిలిచే పిల్లే భయపడతా ఉంటే, నాలుగుసార్లు నిలిచే పిల్లతో ఎట్ల చేయిస్తాను? నువ్వు నొప్పంటివి. నొప్పి నీ ఒక్కదానిదే గదా అనుకుంటిని."

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. పరుపు చివర నా చేతికిచ్చి చుట్టమంది. కాసేపటికి తనే మళ్ళీ అంది. "నాదీ తప్పే. నాకూ గెలవాలనే ఉండె ఆ పొద్దు. చెంగమ్మకు మాత్రం నువ్వే చెప్పాల. నేను చెప్పను."

మరుసటి రోజు నుంచి షెడ్డులో ఒక కొత్త పద్ధతి మొదలైంది. సాధనకు ముందు వరుసగా నిలబెట్టి ఒక్కొక్కరినీ, ఈ దినం దేనికి భయంగా ఉండాదని అడిగేది. మొదట్లో పిల్లలు బల్లి అనీ, లెక్కల అయ్యవారనీ చెప్పి నవ్వేవాళ్ళు. ఆమె నవ్వులకు అడ్డు చెప్పలేదు. రెండు వారాలకు ఒక చిన్నపిల్ల, వెనక్కి వంగేటప్పుడు మెడ విరుగుతుందేమోనని చాలా రోజులుగా భయంగా ఉందని చెప్పింది. టీచర్ ఆ పిల్లను మెచ్చుకొని ఆ రోజు ఆ పని మానిపించింది. నా వంతు వచ్చినప్పుడల్లా నేను ఏమీ లేదనేదాన్ని. ఆమె ఒక్క క్షణం ఆగి పక్కపిల్లను అడిగేది.

ఏళ్ళు గడిచాయి. నేను చదువుకొని, చిత్తూరులో ఒక బళ్ళో లెక్కల టీచర్‌గా చేరాను, పెళ్ళయింది. ఎనభైల మధ్యలో ఒకసారి తిరుపతి బస్టాండులో మునిరత్నమ్మ టీచర్ ఎదురైంది. జబ్బుపడి బాగా చిక్కిపోయింది. కాళ్ళకు బూట్లు లేవు, మామూలు చెప్పులున్నాయి. నా ఉద్యోగం గురించి, పిల్లల గురించి అడిగి సంతోషించింది. బస్సు కదలబోతుండగా నా చెయ్యి పట్టుకొని అడిగింది. "చెంగమ్మకు చెప్పినావా మే?"

"చెప్పినాను టీచర్," అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలుసు. ఆ ముఖం ముందు లేదనలేకపోయాను. ఆమె కళ్ళలో ఏదో బరువు దిగినట్టయింది. ఇంక తనకు దిగులు లేదంది. అలా ఆమెకు రెండోసారి అబద్ధం చెప్పాను. మొదటిసారి పదిహేనేళ్ళ పిల్లను. ఈసారి ఆ సాకు కూడా లేదు.

ఏడాదిన్నరకు ఆమె పోయిందని తెలిసింది. కర్మల రోజు వాళ్ళ పల్లెకు పోతే, అక్కడ వచ్చినవాళ్ళకు నీళ్ళు అందిస్తూ చెంగమ్మ కనిపించింది. సాయంత్రం ఇద్దరం కలిసి నడిచి పూతలపట్టు కూడలికి వచ్చి, బస్సు కోసం ఒక మూసిన అంగడి ముందు నిలబడ్డాం. నేనూ ఆ రాత్రికి తిరుపతిలో మా పుట్టింటికే పోవాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియక నేను తంటాలు పడుతుంటే ఆమే అంది.

"టీచరు పోయినేడు మా పూలంగడికి వచ్చె. పద్మ నీకు చెప్పింది గదా, మనసులో పెట్టుకోవద్దు అనె. నాకేం అర్థం కాలేదు. అవును టీచర్, చెప్పిందిలే అంటిని."

"ఎందుకట్లా అన్నావు?"

"లేదంటే ఆమె ముఖం ఎట్లయ్యుండునో. నువ్వే వచ్చి చెప్తావులే అని ఉంటిని." కొంగుతో ముఖం తుడుచుకొని నా వైపు తిరిగింది. "ఇంతకీ ఏం చెప్పాల్సింది మే నువ్వు?"

అప్పుడు చెప్పాను. మధ్యలో తిరుపతి బస్సు ఒకటి వచ్చి పోయింది. చెంగమ్మ రోడ్డు వైపే చూస్తూ అంతా విన్నది. నేను ముగించాక ఎడమచేత్తో కొంగు సర్దుకుంది. తర్వాత మెల్లగా అంది. "ఆ పొద్దు నాకూ భయంగానే ఉండె. నీకు నొప్పి గదా అని ఒప్పుకుంటిని."

తిట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు. అననందుకు ఇప్పటికీ ఆమె మీద నాకు గౌరవం. వెనక వచ్చిన బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చొని తిరుపతిదాకా వచ్చాం. దిగాక పూలు కట్టే వేళయిందని చెప్పి వెళ్ళిపోయింది. అప్పుడప్పుడు కలుస్తూనే ఉన్నాం గాని, ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను. పరీక్ష రోజు కడుపునొప్పి అని వచ్చిన పిల్లను ఎన్నడూ కసరలేదు. పక్కన కూర్చోబెట్టుకొని, భయమైతే భయమనే చెప్పు, ఏమీ అననని చెప్పేదాన్ని. చాలామంది చెప్పారు. అదంతా మునిరత్నమ్మ టీచర్ నుంచి నేర్చుకున్నదే. దాన్ని మంచి పనిగా నా ఖాతాలో వేసుకోలేను. ఆమె నన్ను నమ్ముతూనే పోయింది. ఆమె నమ్మింది నేను చెప్పిన అబద్ధాన్ని. దాన్ని నిలబెట్టింది చెంగమ్మ, అదేమిటో కూడా తెలియకుండా. టీచర్ బతికుండగా చెంగమ్మకు చెప్పి ఆ మాటను నిజం చేయడానికి నాకు ఏడాదిన్నర గడువుండింది. చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో రెండు గంటలు.