వెనక్కి తీసుకున్న సిఫార్సు

మొన్న హైదరాబాద్ నుంచి కొత్త పుస్తకాల పార్సెల్ వచ్చింది. భూపాలపల్లిలో నాకు చిన్న పుస్తకాల షాపుంది. అట్టపెట్టె కోయగానే ముఖానికి కొట్టే కొత్త సిరా వాసన నాకు ఇప్పటికీ ఇష్టమే. ఈసారి దానితో పాటు ఘాటైన జిగురు వాసన కూడా వచ్చింది. పుస్తకాల పైన ఒక కవరు, అందులో గుండ్రటి ఎర్ర స్టిక్కర్లు. వాటి మీద బంగారు రంగులో ‘మా షాపు సిఫార్సు’ అని అచ్చేశారు. పై పుస్తకానికి ఒకటి అంటించి మరీ పంపారు. నేనింకా ఒక్క పేజీ తిప్పలేదు, నా సిఫార్సు మాత్రం తయారై వచ్చేసింది. ఒళ్లు మండిపోయింది. గోటితో గీకితే సగం ఊడింది, సగం అట్టకే ఉండిపోయింది. ఫోన్ చేసి అడిగితే అవతలి అబ్బాయి చాలా మర్యాదగా, "అందరికీ పంపుతున్నాం మేడం, అంటిస్తే బాగా పోతాయి" అన్నాడు. చదవకుండా ఎట్లా అంటిస్తామని అడిగాను. అతనికి నా ప్రశ్న అర్థం కాలేదు. వేళ్లకంటిన జిగురు సబ్బుతో రుద్దినా సాయంత్రం దాకా వదల్లేదు. ఆ సాయంత్రమంతా నాకు వసుంధరక్కే గుర్తొచ్చింది.

వసుంధరక్కది కురవి దగ్గర పెద్ద వ్యవసాయ కుటుంబం. ఇంటి ముందు ట్రాక్టర్లు, వాకిట్లో పంచాయితీలు, అన్న మండలంలో నాయకుడు. అలాంటి ఇంటి ఆడమనిషి మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో ఒక మడిగె తీసుకుని ఎరువుల దుకాణమో బట్టల దుకాణమో పెడుతుందనుకున్నారు. ఆమె పుస్తకాలు పెట్టింది. "మా చెల్లె కాయితాలమ్ముతది" అని వాళ్ల అన్న నలుగురిలో నవ్వేవాడు. డిగ్రీ అయిపోయి, ఉద్యోగ పరీక్షలు రాస్తూ ఖాళీగా ఉన్న నేను ఆ షాపులో పనికి చేరాను. మాది కేసముద్రం. పొద్దున రైలెక్కి వచ్చి, సాయంత్రం రైలుకు పోయేదాన్ని. ఐదేళ్లు చేశాను. నేనీ రోజు ఏదైనా పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని ఇది ఎవరికి పనికొస్తుందా అని ఆలోచిస్తున్నానంటే అది ఆ ఐదేళ్ల చలవే.

గుమ్మానికి ఎదురుగా ఒక బల్ల ఉండేది. దాని మీద నెలనెలా ఆరు కొత్త పుస్తకాలు. మూడు కథలో నవలలో అయితే, మూడు జరిగిన సంగతులు చెప్పేవి. ఒక్కో పుస్తకం ముందు అక్క తన చేత్తో రాసిన అట్టముక్క, కింద ఆమె సంతకం. చివరి పేజీ దాకా చదవనిదే ఏ పుస్తకాన్నీ ఆ బల్ల ఎక్కనిచ్చేది కాదు. చేరిన కొత్తలో ఒక నవలకు నన్ను రాయమంది. నేను రాత్రంతా కష్టపడి ‘హృదయాన్ని కదిలించే గొప్ప రచన, అందరూ తప్పక చదవాలి’ అని రాసి తెచ్చాను. అక్క చదివి, అట్టముక్కను రెండుగా చింపింది.

"గిట్ల రాస్తే ఏ పుస్తకానికైనా అతుకుతది. అందరంటే ఎవలు సునీతా? గీ పుస్తకం ఎవల చేతిల పెట్టాల్నో చెప్పు."

ఆ నవలకు చివరికి నేను రాసింది ఇదీ: ‘అత్తతో మాటల్లేక మూడేళ్లయినవాళ్లకు. ఒకే వంటింట్లో ఉండి మాట్లాడుకోని ఇద్దరి కథ.’ అక్క దాన్ని చూసి తలూపి, బల్ల మీద పెట్టింది. వారంలో నలుగురు వచ్చి ఆ పుస్తకం కొన్నారు. వాళ్లలో ఒకామె అట్టముక్క కూడా ఇవ్వమని అడిగింది. ఇంట్లో కనబడేలా పెట్టుకుంటుందట.

ఇంతటి మనిషి తప్పు చేసింది. ఎక్కడ చేయకూడదో అక్కడ చేసింది. నా కోపం ఇప్పటికీ ఎందుకు చల్లారలేదో అర్థం కావాలంటే అది చెప్పాలి.

ఒకసారి పరీక్ష కోసం హైదరాబాద్ వెళ్లి పది రోజులకు తిరిగొచ్చాను. బల్ల మీద కొత్త పుస్తకం కనిపించింది. తెలంగాణ పల్లెల్లో తిరిగి, ఫొటోలతో సహా రాసిన పెద్ద పుస్తకం. రాసినాయనకు పేరుంది. అక్క అట్టముక్క మీద ‘మార్కెట్ యార్డుకు రోజూ పోయేవాళ్లూ, ఎన్నడూ పోనివాళ్లూ ఇద్దరూ చదవాలి. ఎనభై నాలుగో పేజీ బొమ్మ దగ్గర నేను చాలాసేపు ఆగినాను’ అని ఉంది. నేనూ ఆ పేజీ తిప్పాను. మా అమ్మ కనబడింది.

మా అమ్మను మేము అవ్వ అంటాం. పేరు కొమురమ్మ. కేసముద్రం యార్డులో చాట కూలీ. రైతులు తెచ్చి పోసిన వడ్లను చాటతో చెరిగి, తాలూ మట్టిపెళ్లలూ తీసేసి, కుప్ప చుట్టూ చెదిరిన గింజల్ని మళ్లీ కుప్పలోకి ఎత్తిపోస్తే అప్పుడు కాంటా పెడతారు. నా చదువు, నా తమ్ముడి చదువు ఆ చాట మీదే నడిచాయి. ఫొటోలో అవ్వ వంగి రెండు చేతులా నేల మీది గింజలు దగ్గరికి తీస్తోంది. కొంగు నడుముకు చుట్టి ఉంది. దాని కింద ‘రాలిన గింజలే ఆ పూట ఆమె పిల్లలకు అన్నం’ అని రాశారు.

చూడండి, ఎంత అందంగా ఉందో ఆ వాక్యం. అందులో ఒక్క మాటా నిజం కాదు. ఆ బొమ్మ తీసింది నేను షాపులో చేరకముందు. ఆ పూట ఆమె పిల్లల్లో ఒకరు డిగ్రీ కాలేజీలో, ఇంకొకరు ఐటీఐలో ఉన్నారు. ఇద్దరూ టిఫిన్ డబ్బాలో అవ్వ కట్టిన అన్నమే తిన్నారు. ఆయన అవ్వను పేరు అడగలేదు, ఏం చేస్తున్నావని అడగలేదు. దూరం నుంచి బొమ్మ తీసుకుని, ఇంటికి పోయి జాలిపడ్డాడు. అడగడానికి బద్ధకించే జాలి కంటే పెద్ద అవమానం ఉందని నేననుకోను.

"అక్కా, గిది మా అవ్వ" అన్నాను.

ఆమె ముఖం వెలిగిపోయింది. "నిజంగనా? ఎంత మంచిగ వచ్చిందే బొమ్మ" అంది. ఆ మాటతో నాకు నిలువునా మంటెక్కింది.

"మా అవ్వ గింజలేరుకుంటలేదక్కా. పని చేస్తుంది."

"గదే గద. రాసినాయన మనసైతే మంచిదే గద సునీతా. పేదోళ్ల మీద ప్రేమతోనే రాసిండు."

"మీరు సుత గట్లనే సూసిండ్రా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఆ పుస్తకం ఒకటి, నా సంచీ తీసుకుని స్టేషన్‌కు వచ్చేశాను. మళ్లీ ఆ షాపు గుమ్మం తొక్కకూడదనుకున్నాను.

ఇంట్లో అవ్వకు పుస్తకం చూపించి, కింద ఉన్న వాక్యం చదివాను. ఆమె బాధపడుతుందనుకున్నాను. ఆమె భయపడింది. "అంటే రైతు గింజ ఇంటికి తెచ్చుకున్ననని రాసిండా?" అంది. నేనా సంగతే ఆలోచించలేదు. చదువుకున్న వాళ్లందరికీ అది ఆకలి ఫొటో. అవ్వకు అది దొంగతనం మోపిన ఫొటో. యార్డులో గింజ కొంగున కట్టుకుందన్న మాట పుడితే రైతుల ధాన్యం అమ్మిపెట్టే అడ్తి వ్యాపారులు మర్నాటి నుంచి ఏ కుప్ప దగ్గరికీ రానివ్వరు. "అడ్తి కాడ ఎవలన్న గిది సూస్తే నా బతుకేంగాను బిడ్డా?" అని అడిగింది.

మర్నాడు పొద్దున మొదటి రైలుకే వసుంధరక్క మా ఇంటికొచ్చింది. అవ్వ కంగారుగా కుర్చీ తుడిచి వేసింది. అక్క కూర్చోలేదు, అవ్వ ఎదురుగా గడప పక్కన నిలబడింది. పుస్తకం చేతిలోనే ఉంది.

అవ్వే మొదలుపెట్టింది. "దొరసానీ, మీ వడ్లు సుత నేనే చెరిగిన. మీ బాపు కుప్ప కాడనే కుర్చేసుకొని కూసుండేటోడు. ఒక్క గింజ నా కొంగున కట్టుకున్ననని ఎన్నడన్న అన్నడా?"

"అనలేదక్కా" అంది వసుంధరక్క. వాళ్లింటి వాళ్లు మావాళ్లను అక్కా అని పిలవడం నేను వినడం అదే మొదటిసారి. ఎనభై నాలుగో పేజీ తెరిచి, ఫొటో మూల మీద వేలు పెట్టింది. అక్కడ చాట అంచు కొద్దిగా కనబడుతోంది. "గిది కనవడుతనే ఉన్నదక్కా. చిన్నప్పటి సంది చూసిన చాటనే. రాత్రి మల్ల చూస్తే కనవడ్డది. మొదలు నేను సూడలే."

"సూడకుండ మంచిగున్నదని ఎట్ల జెప్పినవు?" అంది అవ్వ.

అక్క క్షమించమని అడగలేదు. సంచీలోంచి అట్టముక్క, కలం తీసి, "ఏం రాయాల్నో చెప్పక్కా" అంది. అవ్వ చెప్పింది, అక్క రాసుకుంది. ‘ఈ బొమ్మలోని ఆమె పేరు కొమురమ్మ. చాట పని చేస్తుంది. కింద పడ్డ గింజ కుప్పలోకే పోతుంది. బొమ్మ కింద రాసింది అబద్ధం. అది గమనించకుండా ఈ పుస్తకం చదవమని నేను చెప్పినాను. నా సిఫార్సు వెనక్కి తీసుకుంటున్నాను.’ చివరి రెండు వాక్యాలు మాత్రం అక్క సొంతంగా చేర్చుకుంది. కింద సంతకం చేసింది.

అప్పటికి పదకొండు పుస్తకాలు అమ్ముడయ్యాయి. ఎవరెవరు కొన్నారో అక్కకు గుర్తుంది. అవే మాటలు పదకొండు చీటీల మీద చేత్తో రాసి, కొన్నవాళ్ల దగ్గరికి పోదాం పదండని మాతో అంది. మొదట కేసముద్రంలో అడ్తి నడిపే వాళ్లింటికే పోయాం. అవ్వ కూడా వచ్చింది. "గింత దానికి మీరు రావాల్నా మేడం, ఫోన్ చేస్తే అయిపోతుండె గద" అని ఆ ఇంటాయన నవ్వాడు. అక్క నవ్వలేదు. ఆయన ఎదుటే చీటీ అంటించి, పైకి చదివించి, "కొమురక్క పని మీకు తెల్సు గద, నాకంటే మీకే ఎక్కువ తెల్వాలె" అంది. ఆయన అవ్వ వైపు చూసి, "నాకు తెల్వదా మేడం, ఇరవై ఏండ్ల సంది చూస్తున్న" అన్నాడు. అవ్వ ఊపిరి పీల్చుకుంది. కురవిలో ఒక టీచర్ పుస్తకానికి చుట్టిన కాగితం కూడా విప్పలేదు. "మీరు చెప్పిండ్రని కొన్న, ఇంకా చదవలే" అన్నాడు. ఆ రోజు బస్సులో అక్క ముఖం చూస్తే నాకే జాలేసింది. వాళ్ల అన్న మాత్రం ఇంటికి పిలిపించి, "చాట పనామె కోసం మనింటామె వాకిలి వాకిలి తిరుగుడేంది" అని గట్టిగా అరిచాడట. "నీకు చేతనైతే ఎక్కువ తిరుగనియ్యకుండ ఒకరిద్దరి చిరునామా కనుక్కొని చెప్పన్నా" అని వచ్చేసిందట.

ఆ నెలలోనే జనగామలో ఒక సభకు ఆ రచయిత వచ్చాడు. మేమిద్దరం వెళ్లాం. ప్రశ్నలడగమన్నప్పుడు అక్క లేచి అవ్వ పేరు, ఊరు, పని చెప్పి, ఆ వాక్యం మార్చమని అడిగింది. ఆయన చిరునవ్వుతో, "నేను ఒక్కరి గురించి రాయలేదమ్మా. ఆమె ఒక ప్రతీక. వివరాలు కాదు, భావం చూడాలి" అన్నాడు. సభలో కొందరు చప్పట్లు కొట్టారు. ఇంకా గుర్తుంది నాకా చప్పట్ల చప్పుడు.

"ప్రతీకకు అడ్తి కాడ పని పోదు సార్. గీమెకు పోతది" అంది అక్క.

మైకు పక్కవాళ్లకిచ్చారు. తర్వాత ఆ ప్రచురణ సంస్థ మా షాపుకు పుస్తకాలు పంపడం మానేసింది. వాళ్లవి కావాలంటే అక్కే హైదరాబాద్ పోయి, బజార్లో కొనుక్కుని, రెండు సంచుల్లో మోసుకొచ్చేది. ఆ పుస్తకం మళ్లీ మళ్లీ అచ్చయింది. తప్పక చదవాల్సిన పుస్తకాల జాబితా ఎక్కడ వేసినా ఇప్పటికీ అందులో ఉంటుంది. వాక్యం మారలేదు. జాబితాలు వేసేవాళ్లలో ఒక్కరైనా ఎనభై నాలుగో పేజీ మూలకేసి చూశారా అని నేను ఇప్పటికీ కోపంతో అడుగుతుంటాను. వినేవాళ్లెవరు?

మాకు పది ఇళ్లు దొరికాయి. పదకొండో పుస్తకం కొన్నామె దవాఖానలో నర్సు. మేము పోయేసరికి భూపాలపల్లి వైపు బదిలీ అయిపోయింది. నేను పెళ్లయి ఇక్కడికొచ్చి షాపు పెట్టుకున్నాక, అక్క నన్ను చూడ్డానికి వచ్చిన ప్రతిసారీ ఇక్కడి దవాఖానలో ఆమె కోసం అడిగేది. ఒకసారి చెల్పూర్‌లో ఉంటుందని ఎవరో అంటే ఎండలో ఇద్దరం పోయి క్వార్టర్లన్నీ తిరిగాం. దొరకలేదు. తిరిగొచ్చేటప్పుడు విసుగొచ్చి, "వేల పుస్తకాలు అమ్ముడువోయినయి అక్కా. గీ ఒక్కదాని కోసం గింత పరేషానెందుకు?" అన్నాను.

"గవి నేనియ్యలే" అంది అక్క. "గిది నేనిచ్చిన."

రెండేళ్ల కింద అక్క పోయింది. చివరిసారి చూసినప్పుడు కూడా నర్సు సంగతే అడిగింది. ఆమె రాసిన పదకొండో చీటీ నా బల్ల సొరుగులో ఉంది. ఎర్ర స్టిక్కర్లు చెత్తబుట్టలో వేశాను. పార్సెల్లో వచ్చిన పుస్తకాల్లో ఇప్పటికి రెండే చదివాను, మిగతావి ఇంకా లోపలే ఉన్నాయి. ఎవరింటికి పోయినా వాళ్ల పుస్తకాల అర ముందు ఆగి అవ్వ బొమ్మ ఉన్న ఆ పుస్తకం కోసం వెతుకుతాను. కనబడితే ఎక్కడ కొన్నారని అడుగుతాను. హైదరాబాద్‌లో అంటారు, వరంగల్‌లో అంటారు. మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో కొన్నానని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.