సర్వర్ గదిలో హస్తవాసి

తెరమీద 'ఇన్‌స్టలేషన్ పూర్తయింది, అభినందనలు' అని కనపడగానే చేతిలోని లావుపాటి మాన్యువల్ పుస్తకం మూసేసిన మూర్ఖుణ్ణి నేను. హరికథలో మంగళం పాడగానే లేచి చెప్పులు వెతుక్కునే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది. మంగళం తరవాత కూడా కథ ఉంటుందని ఎవరూ చెప్పలేదు. పైగా ఆ అభినందనలు నాకేనని నమ్మి కొన్నాళ్లు కాస్త నిటారుగా నడిచాను. ఎవరు నొక్కినా అది అలాగే అభినందిస్తుందని తెలిశాక మామూలుగా నడిచాను.

అవి రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. తిరుపతి నుంచి చంద్రగిరి పోయే దారిలో ఒక ప్రైవేటు పాలడెయిరీలో నేను కంప్యూటర్ ఇంజనీరుని. పల్లెల్లోని చిల్లింగ్ సెంటర్ల నుంచి పాల లెక్కలు ఫోను లైను మీద ఒకేచోటికి రావాలని మా ఓనరుగారి కోరిక. పాల లెక్కల ప్రోగ్రామును మద్రాసు వాళ్లు రాసిచ్చారు. అది నడవడానికి కింద పీట మాదిరి ఇంకో పెద్ద సాఫ్ట్‌వేర్ ఉండాలి, దాని పేరు అప్లికేషన్ సర్వర్. ఆ పీటకు కింద నేల లినక్స్. లినక్సే ఎందుకంటే అది ఉచితం.

"ఉచితమంటా ఉండావు, నీళ్లపాల మాదిరి ఉండదు గదా?" అని అడిగారు ఓనరుగారు.

"లేదు సార్. లోపల ఏముందో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు, అంత బాహాటం."

"మన పాలు గూడా అట్ల తెరిచి చూపిస్తే మనం బతికినట్టే" అని సంతకం పెట్టేశారు.

మా ఊళ్లో సర్వర్ అంటే భుజాన తువ్వాలు వేసుకుని 'ఏం కావాల సార్' అనే మనిషి. అప్లికేషన్ అంటే ఉద్యోగానికి పెట్టుకునేది. నేను అప్లికేషన్ సర్వర్ పెడుతున్నానని ఇంట్లో గొప్పగా చెబితే, మావాడు హోటల్లో పనికి అప్లికేషన్ పెట్టుకున్నాడని మా అమ్మ పక్కింటావిడ దగ్గర బాధపడింది. ఆ తరవాత నేను చేసిన సేవ చూస్తే అమ్మ మాట మరీ తప్పేమీ కాదు.

పెద్ద యంత్రం పెరుగు గది పక్కన, ఏసీ గదిలో ఉండేది. నేను బయట నా బల్లమీది కంప్యూటర్ తెరమీద ఒక నల్ల కిటికీ తెరిచి, అందులోంచి దానితో మాట్లాడేవాణ్ణి. మొదలుపెట్టమని ఆ కిటికీలోనే ఆజ్ఞ ఇచ్చాను. సర్వర్ లేచింది, లెక్కలు వచ్చాయి. ఓనరుగారు టెంకాయ కొట్టి యంత్రానికి పసుపూ కుంకుమా పెట్టారు. నేను కిటికీ మూసేసి, కంప్యూటర్ ఆర్పేసి ఇంటికి పోయాను. సాయంత్రం పాలు వచ్చే వేళకు సర్వర్ పడిపోయి ఉంది.

ఏ కిటికీలోంచి మొదలుపెట్టామో ఆ కిటికీ మూస్తే మొదలైనదీ ఆగిపోతుంది. ఇది ఇప్పుడు చెబుతున్న మాట. అప్పట్లో నాకు తెలిసిందల్లా, నేను కూర్చుంటే నడుస్తుంది, ఇంటికి పోతే ఆగుతుంది. కారణం వెతకాల్సింది. కొత్త కోడలి మాదిరి సుకుమారమైన సాఫ్ట్‌వేరేమోలే, అలవాటు పడుతుంది అనుకున్నాను.

ఈ సంగతి అందరికంటే ముందు పసిగట్టినవాడు మా మేనేజరు. ఆయన ఓనరుగారి బామ్మర్ది, కరెంటు ఖర్చు విషయంలో మహా పట్టుదల మనిషి.

"బావా, ఈయప్ప కూసోనుంటే నడస్తా ఉండాది, పోతే పడిపోతా ఉండాది. నేను సూస్తానే ఉండా" అన్నాడు నా ముందే.

తన మాట రుజువు చేయడానికి ఒక రోజు తన కంప్యూటర్లోనే కిటికీ తెరిచి, నా దగ్గర నేర్చుకుని తానే మొదలుపెట్టాడు. పొదుపరి కదా, వెంటనే కంప్యూటర్ ఆర్పేశాడు. సర్వర్ ఆగిపోయింది.

ఓనరుగారికి విషయం తేటతెల్లమైంది. "ఇది హస్తవాసి రా. పుత్తూరులో ఎముకలకు కట్టు కట్టేది అందరి చేతికీ కుదరతాదా? ఆ ఆకే, ఆ గుడ్డే. ఇంకొకడు కడితే అతకదు. దీనికి ఈయప్ప చెయ్యి కుదిరిండాది."

కాదంటే మరి ఎందుకో చెప్పాలి. అదీగాక, చదువుకు దక్కని గౌరవం హస్తవాసికి దక్కుతుంటే ఎవరు వద్దంటారు? ఆ రోజు నుంచి నా బల్ల దగ్గరికే టిఫిను వచ్చేది. గంటకొకసారి ఎవరో ఒకరు తలుపులోంచి తొంగిచూసి, నేను ఉన్నానని తృప్తిపడి పోయేవారు. పోయినవి ఆదివారాలు. ఆవులకు ఆదివారం లేదు గనక నాకూ లేకుండా పోయింది.

అప్పుడే పుత్తూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి తిరుపతిలోనే ఎంసీఏ చదివింది. ఫోటో చూసినప్పటి నుంచి ఈ సంబంధం తప్పిపోకూడదని నా మనసులో గట్టిగా పడింది. పెళ్లిచూపులకు ఆదివారం అనుకోవడం, పాల వల్ల వాయిదా పడడం, మళ్లీ అనుకోవడం, మళ్లీ పాలే. ఈసారి రాకపోతే వేరే చోట చూసుకుంటామని వాళ్లు కబురు పెట్టారు.

మా నాయన నన్ను నిలదీశాడు. "పెండ్లి నువ్వు చేసుకుంటా ఉండావా, ఆవులకు చేస్తా ఉండావా?"

మేనేజరును బతిమాలాను. ఆదివారం ఆయన డెయిరీ జీపులో తన మామిడితోటకు పోవాలి, కాబట్టి నేను ఉండాల్సిందేనన్నాడు. కిటికీ మూయకపోతే నడుస్తుందేమోనని ఈమధ్యే అనుమానం తగిలింది, అందుకని నల్ల కిటికీ తెరిచే ఉంచి, తెర మాత్రం ఆర్పి, 'ముట్టరాదు' అని కాగితం అంటించి పోతానన్నాను. కాగితం కింద అమ్మాయివాళ్ల ఇంటి ఫోను నంబరు కూడా రాశాను. "సరే పో, మళ్లీ మళ్లీ అడగొద్దు" అన్నాడు.

పుత్తూరులో బజ్జీలు అయ్యాయి. అమ్మాయి వచ్చి కాఫీ ఇచ్చి తలవంచుకుని కూర్చుంది. నేను గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నానో లేదో ఫోను మోగింది. అమ్మాయి తండ్రి తీసి, నా వైపు చాచాడు.

"ఏమప్పా, పడిపోయిండాది" అన్నాడు మేనేజరు.

"నా కంప్యూటర్ ఎవరైనా ముట్టినారా సార్?"

"ఎవురూ ముట్టలే. మనిషి లేకుండా ఊరికే ఎలగతా ఉంటే, కరెంటు దండగని నేనే ఆర్పేసి తోటకు పోయి ఇప్పుడే వచ్చినా. వ్యాన్లు వచ్చి నిలబడుండాయి, లెక్క పడకుండా దించుకునేదానికి లేదు. పాలిరిగిపోతాయి. పెండ్లిచూపులు ఇంకో దినం సూసుకోవచ్చు, బిరీన రా."

లేచి నిలబడ్డాను. అమ్మాయి తండ్రి ముఖం చూసి, సంబంధం ఇరిగిపోతోందని అర్థమైంది. "ఏమనుకోవద్దండీ, నేను లేకపోతే అక్కడ సర్వర్ నడవదు" అన్నాను. ఆ ఘడియలో కూడా గొంతులో కాస్త గొప్ప పలికిందని ఒప్పుకోవాలి.

అంతదాకా నేలచూపులు చూస్తున్న అమ్మాయి తలెత్తింది. "మీరు లాగౌట్ అయితే ఆగిపోతా ఉండాదా?"

"అవును."

"మీ లాగిన్లో నుంచే మొదలుపెడతా ఉండారా?"

"అవును."

"మిషను లేచేటప్పుడే దాని పాటికది మొదలయ్యేటట్టు పెట్టలేదా?"

నేను గ్లాసులోని కాఫీ గటగటా తాగేశాను.

"ఊరికే ఉండవే, ఆ అబ్బాయికి కోపమొస్తాది" అంది వాళ్లమ్మ.

"అంటే ఏమి పాపా?" అని అడిగాడు మా నాయన, ఆసక్తిగా.

"ఏం లేదు మామా. ఈయన లేకపోయినా అది నడస్తాది అని."

తిరుగు రైల్లో తిరుపతి దాకా మా నాయన కిటికీలోంచి చూస్తూ మధ్యమధ్య తనలో తాను నవ్వుకున్నాడు. సంబంధం పోయిందనే అనుకున్నాను.

వ్యాన్లవాళ్ల తిట్లు తిని, లెక్కలు ఎక్కించి పాలు దించుకున్నాక, లావుపాటి పుస్తకంలో అభినందనల తరవాతి పేజీ మొదటిసారి తిప్పాను. అమ్మాయి చెప్పిందే అక్కడ ఉంది, నాలుగు ముక్కల్లో. అలాగే రాసి, పెద్ద యంత్రాన్ని ఆర్పి వెలిగించాను. సర్వర్ తనంతట తాను లేచి కూర్చుంది. నా కంప్యూటర్ కూడా ఆర్పేశాను. నడుస్తూనే ఉంది. సంతోషం వేయాల్సిన చోట, పదవి ఊడినవాడికి కలిగే వెలితి కలిగింది.

ఆ వారంలోనే పుత్తూరు నుంచి కబురు వచ్చింది. అమ్మాయి ఒప్పుకుందట. తప్పు చెబితే కస్సుమనకుండా వినే మనిషి మాదిరి ఉన్నాడన్నదట. నేను విన్నది తెలివితో కాదు, నోరు పడిపోయి అని ఎవరికీ చెప్పలేదు.

సర్వర్ సంగతి మాత్రం ఓనరుగారికి చెప్పేద్దామనే ఆయన గదిలోకి వెళ్లాను. మేనేజరు అక్కడే ఉన్నాడు. నేను నోరు తెరవకముందే అందుకున్నాడు. "పాలొచ్చే యాళకు పెండ్లిచూపులని పోయినావు. నీ వల్ల ఎంత రభస. ఇంకమీద ఆదివారం నువ్వు కదిలేదానికి లేదు. నాకు తోట పని ఉండాది."

చెప్పాలనుకున్నది నాలుక మీదే మడత పడింది. "సార్, హస్తవాసి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఇవ్వొచ్చునంట కదా. పుత్తూరులో కొడుకులకు అట్లనే ఇస్తారు. నమ్మకమైన మనిషికి, ఇంటి మనిషికి ఇస్తే బాగుంటుంది" అన్నాను.

ఓనరుగారు బామ్మర్దిని ఎగాదిగా చూశారు. "వీడికిచ్చేయప్పా" అన్నారు.

శుక్రవారం మంచి గడియ చూసి మేనేజరు తలకు పోసుకుని వచ్చాడు. తమలపాకులు నా చేతిలోంచి ఆయన చేతిలోకి మారాయి. ఆయన కీబోర్డుకు దణ్ణం పెట్టుకుని ఎంటర్ నొక్కాడు. ఏమీ జరగలేదు, అంటే సర్వర్ నడుస్తూనే ఉంది. కుర్చీలోంచి లేవకుండా ఉంటే చాలు సార్ అని చెప్పి, ఆ కుర్చీ ఆయనకు అప్పగించాను. ఆదివారం తోటకు జీపు పోవడం మానేసింది. టిఫిను మాత్రం ఆయన బల్ల దగ్గరికి పోయేది.

మా పెళ్లి ముహూర్తం ఆదివారం నాడే కుదిరింది. ఓనరుగారు వచ్చి అక్షింతలు వేసి, వంగి నా చెవిలో, "మా బామ్మర్ది రాలేదని ఏమనుకోవద్దు. సర్వర్ ముందర కూసోబెట్టి వచ్చినా. పొద్దున్నించి లేవలేదు పాపం, భలే చెయ్యి కుదిరింది వాడికి" అన్నారు.

పక్కనున్న పెళ్లికూతురికి ఆ మాట వినపడింది. తలవంచుకుంది, భుజాలు ఆగకుండా కదులుతున్నాయి. కూతురు ఏడుస్తోందనుకుని మా అత్తగారు కొంగుతో కళ్లు తుడుచుకుంది.