బోరు విప్పిన రోజు

మొన్న తాడేపల్లిగూడెం నుంచి వస్తుంటే, ముందు వెళ్తున్న పాత మోటారు సైకిలు నుంచి మాడిన ఆయిలు వాసన గుప్పుమంది. నా బండి పక్కకు తీసి ఆపేశాను. ఆ వాసన తగిలితే నాకు మస్తాన్ గారే గుర్తొస్తారు.

ఏలూరు కాలవ గట్టున ఆయన మెకానిక్ షెడ్డులోనే నేను పని నేర్చుకున్నాను. ఇంజను వేడెక్కుతోందని ఎవరొచ్చినా ఆయన వెంటనే స్పానరు పట్టేవారు కాదు. టీ తెప్పించి, "ఎటు తిరుగుతున్నారు? ఏం మోస్తున్నారండీ?" అని ఆరా తీసేవారు. తర్వాత ప్లగ్గు, పాయింట్లు, కార్బురేటరు, ఆయిలు పంపు వరసగా చూసేవారు. సిలిండరు విప్పడం ఆఖరున. నేను తొందరపడితే, "పొట్ట కోసేముందు నాడి చూడొద్దటయ్యా?" అని దెప్పేవారు. ఆయనకున్న ఓపికలో ఆవగింజంత కూడా నాకు లేదు.

ఆయనకు ఒక్కడే కొడుకు, సలీం. షెడ్డులో మూలనున్న పాతకాలపు బండికి సిలిండరు బోరు చేయించి, కొత్త పిస్టన్ తానే అమర్చి వాడికిచ్చారు. కొత్త పిస్టన్ వేశాక కొన్నాళ్ళు బరువు పెట్టకూడదు, మెల్లగా నడపాలి. వచ్చినవాళ్ళందరికీ ఆయన చెప్పే పాఠమే అది. బండి చేతికొచ్చిన ఆ రోజే సలీం ఆకివీడు చెరువులకు చేపపిల్లల సంచులు తీసుకెళ్ళాలి.

"మెల్లగా పోనిమ్మంటావా?" అని వాడు అడిగాడు.

"ఎండెక్కుతోంది, చేపపిల్లలు చచ్చిపోతాయి. ఆగకుండా వెళ్ళిపోరా" అన్నారాయన. నేను పక్కనే ఉన్నాను.

కొల్లేరు రోడ్డు మీద బండి పడిపోయింది. సలీం ఇక లేడు. ఏ లారీ గుద్దలేదు. కుక్క అడ్డొచ్చిందని ఒకరన్నారు, ఇసుక అని ఒకరన్నారు.

హ్యాండిలు వంగి బండి మాత్రం తిరిగొచ్చింది. హ్యాండిలు సరిచేసి నడిపితే ఇంజను కాలిపోతోంది. మస్తాన్ గారు రోజూ దాని ముందే కూర్చునేవారు. కొల్లేరు దాకా తోలుకెళ్ళి, పొగలు కక్కే ఇంజనుతో తిరిగొచ్చేవారు. ఒకరోజు, "ఇదుగో, కార్బురేటరు దగ్గర గాలి పీలుస్తోందయ్యా! ఇదే!" అని సంబరంగా అరిచారు. అది సరిచేశాక కూడా వేడి తగ్గలేదు. తన చేతిపని కాకుండా ఇంకేదైనా కారణం దొరకాలని ఆ తండ్రి ఆశ. ఆ ఆశ చూడలేక నేను ఏడ్చాను.

"బోరు విప్పుదామండీ" అన్నాను చివరికి.

స్పానరు నా చేతిలో పెట్టారు. "నువ్వు విప్పు. నాకు చేతులాడట్లేదు."

విప్పాను. పిస్టన్ మీద నిలువునా గీతలు. సందు చాలని పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండరులో పట్టేస్తే, నడుస్తున్న బండి వెనక చక్రం బిగుసుకుపోతుంది. ఆయన బొటనవేలితో ఆ గీతలు తడిమారు.

"బిగువుగా వేశాను కదూ?"

"అలా చెప్పలేమండీ."

"నువ్వు చెప్పలేవా? నీకు నేర్పింది నేనేనయ్యా."

చేతులు కడుక్కున్నారు. మళ్ళీ స్పానరు ముట్టలేదు. ఎవరైనా ఇంజను సంగతి అడిగితే నా వైపు చూపించేవారు. అలాగే కుర్చీలో కూర్చుని కూర్చుని పోయారు.

ఇప్పుడు షెడ్డు నేనే నడుపుతున్నాను. పిస్టన్ వెంట్రుకవాసి వదులుగానే వేస్తాను. "శబ్దం వస్తోందేంటండీ?" అని అడిగితే "రానివ్వండి" అంటాను. బండి తీసుకెళ్ళే ప్రతివాణ్ణీ, ఇంటికి చేరాక ఒక్క ఫోను చేయమని బతిమాలతాను. నవ్వుతారు. కొందరు చేస్తారు, కొందరు మర్చిపోతారు. మర్చిపోయినవాళ్ళకు నేనే చేస్తాను. వాళ్ళు ఎత్తేదాకా నాకు ముద్ద దిగదు.