కారు మాస్టారు

రోడ్డు పక్కన ఇనుప రెయిలింగు బిగించడం నేర్పే మాస్టారికి బోర్డూ సుద్దముక్కా అక్కర్లేదు. తానే కారైపోతాడు. బొజ్జ ముందుకు పెట్టి, లేని స్టీరింగు తిప్పుతూ, నోటితో బుర్రుమంటూ వచ్చి రెయిలింగు రేకును ఒరుసుకుంటూ సాగిపోతాడు. "అతుకు దగ్గర పై రేకు అంచు బండ్లు పోయే వైపుకే ఉండాలి. తిరగేసి బిగించారో, అంచు బల్లెంలా డ్రైవరు కడుపులో దిగుతుంది" అంటూ పొట్ట పట్టుకుని కూలబడతాడు. పనివాళ్లు పగలబడి నవ్వుతారు గానీ పాఠం మాత్రం మరిచిపోరు.

ఒకరోజు అలాగే రోడ్డుకు వీపు పెట్టి, ఒళ్లు మరిచి కారాడుతున్నాడు. అడ్డంగా పెట్టిన కోన్లను దొర్లించుకుంటూ ఒక లారీ మీదికొచ్చింది. అందరూ కేకలు పెట్టారు. ఆయన అది మెచ్చుకోలనుకుని ఇంకా హుషారుగా బుర్రుమన్నాడు. కొత్తగా చేరిన ఒకావిడ ఆయన కాలరు పట్టి ఒక్క లాగు లాగింది. ఇద్దరూ రెయిలింగు మీదుగా అవతలి బురదలో పడ్డారు. లారీ రెయిలింగును గీసుకుంటూ వెళ్లి ఆగింది. డ్రైవరు చెమటలు కక్కుతూ దిగాడు, ఒంటిమీద గీత కూడా లేదు.

మాస్టారు బురదైనా తుడుచుకోకుండా పాక్కుంటూ వెళ్లి రేకు అతుకు తడిమాడు.

"సొట్ట పడింది గానీ ఊడలేదు. ఎవరు బిగించారిది?"

"నేనే మాస్టారూ," అంది ఆవిడ. "నిన్న మీరు మళ్లీ మళ్లీ విప్పించి తిట్టారే, అదే."

ఆయన లేచాడు. బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రోడ్డుకు వీపు పెట్టాను. ఇవాళ నువ్వు తిట్టమ్మా."

ఆవిడేం మొహమాటపడలేదు.